నంబరుకు లక్షలు, టైరుకు బేరాలు

ఖైరతాబాద్ ఆర్టీఏ వేలంలో 9999 కోసం లక్షలు పాడినప్పుడు అయ్యగారు రెప్ప కూడా వేయలేదు. నాలుగు సెకన్లలో వంద అందుకునే కారుకు టైర్లు మార్చాల్సి వచ్చేసరికి మాత్రం పొదుపు పూనింది. ఏనుగును కొని అంకుశం దగ్గర పేచీ!

"రబ్బరు రబ్బరే కదయ్యా, చవకలో ఏముందో చూపించు."

కొట్టతను టైరు పక్కనున్న అక్షరం మీద వేలు పెట్టాడు. "కంపెనీ వేసిచ్చింది ‘వై’ సార్, 300 వేగం దాకా తట్టుకుంటుంది. ఇది ‘టి’. 190కే సరి."

"ఔటర్ మీద హద్దు 120యే కదా!" అన్నారు అయ్యగారు. ఆ హద్దు ఆయనకు గుర్తొచ్చింది అప్పుడే.

ఊళ్లో తిరిగే చిన్న కారుకు చౌక టైరు చాలు, ఎవరూ కాదనరు. ఇక్కడ రెండు టన్నుల బండి నాలుగు అరచేతులంత రబ్బరు మీద, వాన నీళ్లలో ఆగాలి. బ్రేకు ఆపేది చక్రాన్నే. బండిని ఆపాల్సింది టైరు.

టైరు మీద 3420 అని మరో ముద్ర. 2020లో 34వ వారం సరుకని అర్థం. అయ్యగారు అంకెలు కూడి చూసుకున్నారు. తొమ్మిది! కలిసొచ్చిందని వెంటనే బిగించమన్నారు.

మిగిలిన డబ్బుతో సైలెన్సర్ తీయించి మోత పైపు పెట్టించారట. బండి ఆగకపోయినా జనమే తప్పుకుంటారు.