మా కాలనీ లాంచ్ వీరులు

కారు కొన్న ఏడాదిలోపు అందులో ఏదో ఒకటి పీకి ఇంకొకటి పెట్టకపోతే పరువు పోతుందనుకునే వర్గం ఒకటి హైదరాబాద్‌లో బాగా వర్ధిల్లుతోంది. ముందు రిమ్ములు మార్చారు. తర్వాత సైలెన్సర్ మార్చి వీధిలో పసిపిల్లల్ని నిద్ర లేపారు. ఆ తర్వాత ఇంజిన్ కంప్యూటర్‌లో లెక్కలు తిరగరాయించి ‘స్టేజ్ వన్’, ‘స్టేజ్ టూ’ అంటూ పట్టాలు పుచ్చుకున్నారు. ఇప్పుడు వాళ్ల చూపు కారు కిందకి దిగి ఇరుసుల మీద పడింది. కంపెనీ ఇచ్చిన డ్రైవ్ షాఫ్టులు, అంటే గేర్‌బాక్సు నుంచి చక్రాల్ని తిప్పే కడ్డీలు, తమ పరాక్రమానికి ఆగవట. క్రోమోలీ ఉక్కువే కావాలట.

ఆగని సందర్భాలు లేవని నేననను. ఆంబీ వ్యాలీ రన్‌వే మీద డ్రాగ్ రేసుకి వెళ్లేవాడు రోడ్డుకి అంటుకుపోయే టైర్లు వేసుకుని, ఇంజిన్ అరుస్తుండగా క్లచ్ ఒక్కసారిగా వదిలేస్తే షాఫ్టు మెలితిరిగి తెగొచ్చు. అతను గట్టివి వేయించుకుంటే నాకేం పేచీ లేదు. నా పేచీ అంతా మణికొండ గల్లీలో రెండు స్పీడ్‌బ్రేకర్ల మధ్య దొరికే ఎనభై గజాల్లో ‘లాంచ్’ తీసే, అంటే నిలబడ్డచోటి నుంచి ఒక్క ఉదుటున బండిని దూకించే మహావీరుడితోనే. మన ఊళ్లో రేసంటారా, 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. మరుసటి ఏడాది రేసు రద్దయింది. ఆ కబురు మనవాడికి ఇంకా చేరలేదు.

పోనీ, అతని లెక్కే వేద్దాం. రీమ్యాప్ చేయించాక ఇంజిన్ 300 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తోందనుకుందాం. మొదటి గేర్ దాన్ని మూడున్నర రెట్లు చేస్తుంది, డిఫరెన్షియల్ మరో నాలుగు రెట్లు చేస్తుంది. మొత్తం 4,200. రెండు షాఫ్టులకీ పంచితే ఒక్కోదానికి 2,100. వినడానికి భయంకరంగానే ఉంది. కానీ ముందు చక్రం ఒక్కోదాని మీద పడే బరువు సుమారు 350 కిలోలు. ఎండిన తారు మీద మామూలు టైరు పట్టు కూడా దాదాపు అంతే. దాన్ని చక్రం వ్యాసార్థంతో గుణిస్తే, వెయ్యి న్యూటన్ మీటర్లు దాటేసరికి టైరు చేతులెత్తేసి ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. మిగిలిన టార్క్ షాఫ్టు దాకా రానే రాదు. మనవాడు లక్షలు పోసి బలపరిచింది ఆ రాని టార్క్‌ని ఆపడానికి! తిరుగుతున్న టైరు గెంతి, మళ్లీ టక్కున పట్టు దొరికినప్పుడు మాత్రం షాఫ్టుకి గట్టి దెబ్బే తగులుతుంది. అయితే ఆ దెబ్బకి మందు ఉక్కులో లేదు, యాక్సిలరేటర్ మీది పాదంలో ఉంది. దానికి స్టేజ్ వన్ అమ్మేవాళ్లు ఇంకా పుట్టలేదు.

‘మేం ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీద తోలతాం కదండీ’ అంటారు. 158 కిలోమీటర్ల ఓఆర్ఆర్ మీద మీకు అనుమతి ఉన్న వేగం 120. పైగా టాప్ గేర్‌లో షాఫ్టు మీద పడే మెలి మొదటి గేర్‌తో పోలిస్తే నాలుగోవంతు కూడా ఉండదు. అక్కడ కంపెనీ షాఫ్టు కునుకు తీస్తూ పని చేసుకుపోతుంది.

ఒకసారి మూసాపేటలో గ్యారేజీకి నా బండి తీసుకెళ్తే ఇలాంటి వీరుడే ఎదురయ్యాడు. స్టీరింగ్ తిప్పితే చాలు, ముందు చక్రం దగ్గర కటకటమంటోంది, ‘షాఫ్ట్ వీక్ అన్నా, అప్‌గ్రేడ్ చేద్దాం’ అన్నాడు. మేస్త్రి కారు కిందకి దూరి, టార్చి వేసి చూసి, పైకొచ్చి నల్లబడ్డ చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. ‘షాఫ్ట్ గట్టిగనే ఉంది తమ్మీ. బూటు చిరిగింది. గ్రీజంతా రిమ్ము లోపల పూసుకుంది చూడు. దుమ్మువోయి జాయింట్ అరిగింది. ఎన్ని నెలల సంది నడుపుతున్నవ్ ఇట్ల?’ షాఫ్టు చివర ఉండే ఆ జాయింట్ 1926లో ఆల్ఫ్రెడ్ జెప్పా అనే ఆయన కనిపెట్టింది. ఆరు ఉక్కు బంతులు ఒక గిన్నెలో కూర్చుని, చక్రం ఎటు తిరిగినా వేగం తేడా రాకుండా తిప్పుతాయి. వాటికి కావాల్సిందల్లా గుప్పెడు కందెన, దాన్ని కాపాడే రబ్బరు తొడుగు. మనవాడు కారుని నేలకి అంగుళన్నర దించి, జాయింట్ రోజంతా కోణం తప్పి తిరిగేలా చేసి, చిరిగిన బూటు కేసి ఒక్కనాడూ చూడకుండా, ఇనుముది నేరమని తీర్పు చెప్పాడు.

మందం పెంచితే బలం పెరిగే మాట నిజమే. వ్యాసం పదోవంతు పెంచితే మెలి తట్టుకునే శక్తి మూడోవంతు పెరుగుతుంది. కానీ నిజంగా తెలిసినవాళ్లు ఊరికే లావు చేసి వదిలేయరు. 2009 కాడిలాక్ సీటీఎస్-వీకి వెనక ఒక షాఫ్టు లావుగా, ఇంకొకటి సన్నగా పెట్టారు. రెండూ ఒకే లయలో మెలిపడి వదులుకుంటే చక్రాలు గెంతుతాయి కాబట్టి ఆ లయని చెడగొట్టడానికి. మన షాపులవాళ్ల దగ్గర ఇంత విద్య ఉండదు. ‘లావు’, ‘ఇంకా లావు’ అని రెండే సైజులుంటాయి. ఇక తెగని షాఫ్టు పెట్టాక దెబ్బ ఎక్కడికి పోతుంది? తిన్నగా డిఫరెన్షియల్‌కీ గేర్‌బాక్సుకీ పోతుంది. తెగిన షాఫ్టు మార్చడం పూట పని. గేర్‌బాక్సు పళ్లు ఊడితే నెల జీతం కాదు, పెళ్లి ఖర్చు.

ఆ ఖర్చుకి క్లెయిమ్ వేశాక ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చినప్పుడు ఇంకో అంకం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో మార్పుల గురించి ఏమంటుందో మనవాడు అప్పుడు మొదటిసారి వింటాడు. అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల దాకా జరిమానా అని తెలిశాక రిమ్ములు, సైలెన్సర్, రీమ్యాప్ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటాడు. మర్నాడే పాత షాఫ్టులు తిరిగి ఎక్కుతాయి, కారు అమ్మకానికి వెళ్తుంది. ప్రకటనలో మాత్రం ‘సింగిల్ ఓనర్. ఫ్యామిలీ యూజ్. నాన్నగారు ఆదివారాలు గుడికి మాత్రమే తీసేవారు’ అని ఉంటుంది.