మడిలో మొలిచిన ప్రాంగణములు: ఉభయ జిల్లాల కలెక్టరులకు బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ గుంటూరు, బాపట్ల జిల్లాల కలెక్టరులవారి సముఖమునకు, తెనాలి, బాపట్ల, రేపల్లెల నడుమ కాలువగట్టుమీద కాపురముండు ఒక సామాన్యుడు సవినయముగా వ్రాసికొను విన్నపము.

ఒకే విన్నపమును ఇరువురు ప్రభువులకు చేసికొనుట మర్యాద కాదని యెరుగుదును. కాని 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాలను పునర్విభజించునప్పుడు తెనాలి గుంటూరు జిల్లాయందే నిలిచిపోయి, బాపట్లయు రేపల్లెయు కొత్త జిల్లాకు దక్కినందున, కాలువ ఎగువను ఒక కలెక్టరుగారి నీరును, దిగువను మరియొక కలెక్టరుగారి నీరును పారుచున్నవి. నీటికి మాత్రము ఈ సంగతి ఇంకను తెలియలేదు. కావున జమిలిగా వ్రాయుచున్నాను. ఇది తమ పరిధిలోనిది కాదని తమలో ఏ యొక్కరును రెండవవారికి పంపివేయకుండ అనుగ్రహింప ప్రార్థన.

ముందుగా అభినందనలు. విద్యయందు మా సీమ వెనుకబడినదని ఇకమీదట ఎవ్వరును అనజాలరు. 1916లో వేసిన తెనాలి-రేపల్లె రైలుదారిమీద వేమూరు, భట్టిప్రోలు దాటుచు పోవువానికి ఒకప్పుడు వరిచేలును తాటిచెట్లును తప్ప వేరేమియు కనబడెడిది కాదు. ఇప్పుడు తెనాలినుండి ఏ దారిని బయలుదేరినను, మొదట కనబడునది ర్యాంకులు తెచ్చుకొన్న పిల్లల ముఖములతో నిండిన ఫ్లెక్సీ, పిమ్మట ప్రహరీగోడ, ఆ గోడకు ఆవల ఇనుపకమ్ములు ఆకాశమునకు నిక్కబొడుచుకొని యున్న అసంపూర్ణమైన నాలుగవ అంతస్తు. అద్దెయింటి వసారాలో ఇరువదిమంది పిల్లలతో పుట్టిన బడి పదియేండ్లలో ఊరివెలుపల అయిదెకరముల చేను కొనును. మరి అయిదేండ్లలో పక్కచేను కొనును. అటుపిమ్మట రోడ్డుకు ఆవలివైపు చేను కూడ బడిలోనిదే యగును. టెక్నో, ఒలింపియాడ్, కాన్సెప్ట్, ఇంటర్నేషనల్ అని వాటి నామధేయములు. ఇంటర్నేషనల్ అనబడువానిలో పెనుమూడి రేవునుండి బస్సెక్కి వచ్చు పిల్లవాడే మిక్కిలి దూరదేశీయుడు.

నేను ప్రైవేటు బడికి శత్రువును కాను. ప్రజలు తమంత తాము చందాలెత్తి, స్థలమిచ్చి, బడి కట్టుకొనుట మా ప్రాంతమునకు పరిపాటియే. మా గ్రామములలో అనేక ఉన్నత పాఠశాలల పునాదులక్రింద ఉన్నది ఎవరో ఒక రైతు దానముగా వ్రాసియిచ్చిన నేలయే. అప్పుడు భూమి బడికొరకు ఉండెను. ఇప్పటి ప్రాంగణములను చూచినప్పుడెల్ల బడియే భూమికొరకు ఉన్నదా యను సందేహము నన్ను వేధించుచున్నది.

ఈ సందేహమునకు మూలము వెదకుచు నేను పోయి పోయి న్యాయస్థానముల తీర్పులలో పడితిని. 1993లో ఉన్నికృష్ణన్ వ్యాజ్యమున (అందు ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే) విద్య వ్యాపారము కారాదని సుప్రీంకోర్టు శాసించెను. 2002 అక్టోబరు 31న టి.ఎం.ఎ. పాయ్ వ్యాజ్యమున పదునొకండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, విద్యాసంస్థను నడపుటను ఒక వృత్తిగా అంగీకరించి, లాభార్జన కూడదనియు, అయినను సంస్థ అభివృద్ధికిని విస్తరణకును వలసినంత సమంజసమైన మిగులు ఉండవచ్చుననియు తీర్మానించెను. ధర్మాసనమువారి యుద్దేశము నిర్మలమైనది. కాని మా సీమలోని లెక్కలు వ్రాయువారు మేధావులు. వారు దానిని మరియొక తీరున చదువుకొనిరి. పంతుళ్ళకు జీతములు పెంచినచో అది ఖర్చు. ఫీజు తగ్గించినచో మిగులే లేదు. చేను కొనినచో మాత్రము అది విస్తరణము, ధర్మసమ్మతము, పైపెచ్చు సెంటు ధర ఏటేట పెరుగుచునే యుండును. విద్య తప్ప వేరొక లక్ష్యము లేని సంస్థకే ఆదాయపుపన్ను మినహాయింపు చెల్లునని 2022 అక్టోబరులో న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ వ్యాజ్యమున ఆ న్యాయస్థానమే గట్టిగా చెప్పినది. దానివలనను గోడలు ఆగలేదు. చేను కొనుట కూడ విద్యలోని భాగమే యని సమాధానము సిద్ధముగా నుండగా ఎట్లు ఆగును? పిల్లలు పెరిగినందున బడి పెరుగుట లోకమున సహజము. మా చోట మిగులు నిలువ చేయుటకు మరియొక పాత్ర లేకపోవుటచేత బడి పెరుగుచున్నది.

ఇక ఆ చేను సంగతి. 1852 మొదలు 1855 వరకు బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట కట్టి, సీతానగరమునుండి పడమటి డెల్టా కాలువను త్రవ్వి, దుగ్గిరాల లాకులవద్ద దానిని పాయలుగా చీల్చి, తెనాలిమీదుగా ఈవల రేపల్లెవరకును, కొమ్మమూరు కాలువద్వారా ఆవల బాపట్ల దిక్కునకును నీరు పారించినవారు, నీరు వచ్చుటకు ఎంత శ్రద్ధ చూపిరో పోవుటకును అంత శ్రద్ధ చూపవలసివచ్చెను. ఇది పల్లపు నేల. ఇచ్చట పంట పండవలెనన్న బోదె కావలెను, మురుగుకాలువ కావలెను. ఒకటి తెచ్చును, ఒకటి తీసికొనిపోవును. బోదెయన్నది ఒంటిలోని నరమువంటిది: ఎవరి మడిలో నుండినను ఒక్కరిది కాదు.

అట్టి చేను బడికి అమ్ముడుపోయినపుడు జరుగునది సాధారణముగా ఇట్లుండును. మొదట టిప్పర్లతో మట్టి తోలించి, రోడ్డుకంటె రెండడుగులు మెరక చేయుదురు. బోదె గోడక్రిందికి వచ్చును. పై రైతు వచ్చి అడిగినచో, గొట్టము వేయించితిమి గదా యని చెప్పుదురు. ఆ గొట్టములో మొదటి వానకే హాస్టలు వంటింటి ప్లాస్టిక్ సంచులు అడ్డుపడును. తరతరాలుగా బండ్లును గేదెలును నడచిన డొంక గేటులోపల చిక్కుకొని, అటుపిమ్మట బస్సులు నిలుపుకొను స్థలమగును. దిగువవానికి నాట్లవేళ నీరు అందదు, ఎగువవానికి కోతవేళ నీరు పోదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దాపున తీరము దాటినప్పుడు, కోతకు వచ్చిన వరియు, కోసి పనలమీద ఉన్న వరియు ఏ విధముగా మునిగినవో తమ కార్యాలయముల నివేదికలలోనే యున్నది. ఆ ముంపునకు కారణము బడులే యని నేననను. తుపానుకు బడియొక్క సహాయము అక్కరలేదు. తుపాను పోయిన పిమ్మట నీరు ఎన్నినాళ్ళు నిలుచుననుటలో మాత్రము మెరకలకును, పూడిన బోదెలకును పాలు లేదని ఏ మురుగునీటి ఇంజనీరును ప్రమాణము చేయజాలడు.

భూమి అమ్మినవాడు తరచుగా హైదరాబాదులోనో డల్లాసులోనో ఉండును. ఆ చేను దున్నిన కౌలుదారు ఊరిలోనే ఉండును. రిజిస్ట్రేషను కాగితమున అతని పేరు లేదు గనుక పరిహారములోను లేదు. మరుసటి యేడు అతడు ఆ గేటువద్దనే కాపలాకు కుదురును. దీనిని ఉపాధికల్పన యని కరపత్రమున వ్రాయుదురు.

త్రాగునీటి మాట రెండు ముక్కలలో ముగింతును. రేపల్లె, నిజాంపట్నము ప్రాంతములయందు నేలలోని నీరు ఉప్పన. వేసవిలో అచ్చటివారు కాలువనీటితో నింపిన చెరువులమీద ఆధారపడవలసినదే. ఎగువను వేయిమంది పిల్లలుండు హాస్టలు మురుగు ఆ కాలువలోనికి పోయినచో దాని గమ్యస్థానము ఎవరి బిందెయో వేరుగ చెప్పనక్కరలేదు.

ప్రభుత్వమువారి ఔదార్యమును కూడ స్మరింపకుండుట కృతఘ్నత. బడి ప్రైవేటున పెరుగుచుండగా సర్కారున తరుగవలెనని కాబోలు, 2022 జూన్ మాసమున 117వ నంబరు ఉత్తరువు వెలువరించి, ఊరిబడిలోని మూడు, నాలుగు, అయిదు తరగతులను సమీపపు ఉన్నత పాఠశాలలకు తరలింపజూచిరి. 2025లో దానిని ఉపసంహరించిరి. కాని ఎనిమిదేండ్ల పిల్లను ప్రధానరహదారి దాటించి పంపుటకు జంకిన తల్లి, ఇంటిముందరికి వచ్చు పసుపుపచ్చ బస్సును ఆ మూడేండ్లలోనే ఎక్కించినది. ఉత్తరువు వెనుకకు వచ్చినది. బస్సెక్కిన పిల్ల వెనుకకు రాలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రైవేటు బడిలో నాలుగవవంతు సీట్లు పేదపిల్లలకు ఇయ్యవలెనన్నది; మన రాష్ట్రమున ఆ మాట అమలునకు వచ్చుటకు పదియేండ్లకు పైగా పట్టినది. అదే చట్టపు అనుబంధమున ఆటస్థలము ఉండితీరవలెనని యున్నది. ఇన్ని యెకరములు కొన్న బడులలో పిల్లలు పరుగెత్తుటకు చోటు ఏదియని వెదకిన, అదియును బస్సులక్రిందనే దొరకును.

విస్తరణము అనగా ఇట్లే యుండవలెనని లేదు. బాపట్లలో 1945లో వెలసిన వ్యవసాయ కళాశాల కూడ ప్రాంగణమే, అదియు విశాలమైనదే. దానియందు చేను చేనుగానే యుండి పాఠము చెప్పినది. ఆ కళాశాలయొక్క పొలములను చూచి మా రైతులు వంగడములు నేర్చుకొనిరే గాని, తమ బోదె ఏమయినదని అడుగుటకు ఎన్నడు పోవలసిరాలేదు.

చీరాల ఇప్పుడు బాపట్ల జిల్లాలోనిది గనుక ఒక పాతకథను జ్ఞాపకము చేయుదును. చీరాల, పేరాలలను బలవంతముగా పురపాలకసంఘముగా చేసి పన్నులు వేయగా, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట ప్రజలు ఇండ్లు విడిచి రామనగరమున పాకలు వేసికొని పదునొకండు నెలలు నివసించిరి. ఆనాడు ఊరు విడిచి వలసపోవుటకు ఊరివెలుపల ఖాళీనేల యుండెను. ఈనాడు మాకు ఆ సౌకర్యము లేదు; ఊరివెలుపలి నేల అంతయు అడ్మిషన్లకు తెరచియున్నది.

కావున విస్తరణమును ఆపుడని నేను కోరను. కోరినవానిని విద్యాద్రోహి యందురు. ఉభయ జిల్లాలను ఒక్కటే ప్రాంగణముగా ప్రకటింపుడని కోరుచున్నాను. దుగ్గిరాల లాకులవద్ద ఒక గేటు, నిజాంపట్నము రేవువద్ద ఒక గేటు పెట్టిన చాలును. మూడవవైపు కృష్ణ, నాలుగవవైపు సముద్రము ఉండగా ప్రహరీ ఖర్చు కూడ కలిసివచ్చును. మాకందరకు గుర్తింపుకార్డులు ఇప్పింపుడు. డొంకన నడచు గేదెలకు బస్సు ఫీజు మాత్రము మినహాయింప వేడుకొందును.

ఇది తమ అధికారమునకు మించినదగునేని, అధికారములో నున్న చిన్న కోరికలు చిత్తగింపుడు. ఏ బడియైనను కొత్తగా ఒక సెంటు మెరక చేయుటకు ముందు, ఆ చేనిగుండ పోవు బోదెను, డొంకను జలవనరుల శాఖవారు, రెవిన్యూవారు కలిసి కొలిచి, ఆ పటమును గ్రామసభయందు పెట్టి, కౌలుదారుతోసహా అందరి మాట విని, పిమ్మటనే అనుమతి ఇప్పింపుడు. ఇదివరకే పూడ్చినవానిని బడివారి ఖర్చుతోనే త్రవ్వింపుడు. మిగులు ఉన్నదని వారే చెప్పుచున్నారు గదా. వచ్చే జూన్‌లో బడులు తెరచులోగా ప్రతి ప్రాంగణమునందలి ఆటస్థలమును టేపు పట్టి కొలిచి, ఆ కొలతను గేటుమీది ర్యాంకుల ఫ్లెక్సీ ప్రక్కనే, అంతే పెద్ద అక్షరములతో వ్రాయింపుడు.

చిత్తగింపవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
పూడిపోయిన ఒక బోదెకు ఎగువ రైతు