దగ్గుకు రేటు లేదు

చావుకు కోటి. వెంటిలేటర్ ఎక్కితే 10 లక్షలు. రెండు మూడు రోజులు ఆస్పత్రి మంచం మీదుంటే లక్ష. ప్రథమ చికిత్స చేయించుకుని ఇంటికి పోతే 25 వేలు. ఏమీ కాకపోయినా, ఆ చుట్టుపక్కల కాపురం ఉన్న పాపానికి తలకు 10 వేలు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి వెంకటాపురం మీద పడ్డాక సర్కారు ప్రకటించిన రేట్లివి. ఒప్పుకోవాలి, ఇంత సొమ్ము ఇంత త్వరగా ప్రకటించిన ప్రభుత్వాలు ఈ దేశంలో అరుదు. చప్పట్లు కొట్టాం. సొమ్ము ఖాతాల్లో పడింది. ఫైలు మూతపడింది.

మరి ఆరు నెలల తర్వాత మొదలైన ఆయాసానికెంత? రెండేళ్లయినా తగ్గని దగ్గుకెంత? ఆ రాత్రి కడుపులో ఉన్న బిడ్డ బడికెళ్లే వయసుకు ఎలా ఉందో చూసి చెప్పే డాక్టరుకెంత?

ఆ పట్టికలో అలాంటి వరుసే లేదు. మనిషి ఒంటికి సర్కారు ఇచ్చిన గడువు మూడు రోజులు. ఆ మూడు రోజుల్లో ఏమైనా అయితే అయినట్టు. నాలుగో రోజు నుంచి నీ రోగం నీది, నీ మందుల చీటీ నీది.

ఆ రాత్రి ఏం జరిగిందో దాచేదేమీ లేదు. సర్కారు వేసిన హైపవర్ కమిటీయే వివరంగా రాసింది. స్టైరీన్ ట్యాంకు వేడెక్కింది. చల్లబరిచే యంత్రాన్ని సాయంత్రమయ్యేసరికి ఆపేసేవారు. రసాయనం గడ్డకట్టకుండా, వేడెక్కకుండా ఆపే మందు సరిపడా లేదు. సైరన్ మోగించడానికి ఫ్యాక్టరీలో 36 చోట్ల మీటలున్నాయి. నొక్కడానికి ఒక్క వేలు దొరకలేదు. జనం నిద్రలోంచి లేచి పరుగెత్తారు. పరుగెత్తినవాళ్లు రోడ్ల మీద, కాలవల్లో కుప్పకూలారు. 12 మంది పోయారని అధికారిక లెక్క. ఆ ఫ్యాక్టరీకి సరైన పర్యావరణ అనుమతి లేదని కంపెనీయే 2019లో అఫిడవిట్ రాసిచ్చింది. దొంగ ఠాణాకెళ్లి, అయ్యా నేను దొంగతనం చేస్తున్నానండీ అని చెబితే, మంచిది బాబూ, ఆ కాగితం అక్కడ పెట్టి వెళ్లు అన్నట్టుంది మన నిఘా వ్యవస్థ.

తర్వాత కథ ఇంకా రంజుగా ఉంటుంది. జనం ఇళ్లకు రావడానికి భయపడుతున్నారని మంత్రులు వచ్చి ఊళ్లో నిద్ర చేశారు. అక్షరాలా ఒక్క రాత్రి! పొద్దున్నే లేచి, చూశారా, మాకేం కాలేదు అన్నారు. ఎందుకవుతుందండీ? ఒక మంత్రి ఒక రాత్రి పడుకుంటే గాలి మంచిదని తేలిపోయేటట్టయితే, ఈ కాలుష్య నియంత్రణ మండలి ఎందుకు? ఆ ల్యాబులెందుకు? తలా ఓ దుప్పటి, ఓ దోమతెర కొనిస్తే పోలా! మంత్రులు మర్నాడు కార్లెక్కారు. ఊరివాళ్లు మాత్రం ఈనాటికీ అక్కడే నిద్ర చేస్తున్నారు. ఆ నిద్రలను ఏ కెమెరా తీయలేదు.

ఆ రోజుల్లోనే కొందరికి అనుమానాలొచ్చాయి. అడిగారు. గ్యాస్ ఘటన మీద ప్రశ్నలు ఫేస్‌బుక్‌లో పెట్టినందుకు ఓ పెద్దావిడకు సీఐడీ నోటీసు వెళ్లింది. చూడండి ఎంత చురుకైన యంత్రాంగమో. హెల్త్ కార్డు కోసం ఏళ్లు కాయాలి. నోటీసు మాత్రం రోజుల్లో గుమ్మంలో వాలుతుంది.

ఇక అసలు సంగతి. స్టైరీన్ ఒంట్లోకి పోతే కాలేయం దాన్ని మాండెలిక్ ఆమ్లంగా మార్చి మూత్రంలో బయటికి పంపేస్తుంది. కొద్ది రోజుల్లో ఆనవాలు కూడా ఉండదు. అంటే ఒళ్లు తన సాక్ష్యాన్ని తానే కడిగేసుకుంటుంది. అందుకే మొదటి వారంలోనే ఇంటింటికీ వెళ్లి ఎవరు ఎంత దూరంలో పడుకున్నారు, ఎంతసేపు పీల్చారు, ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయి, చెవులు ఎలా వినపడుతున్నాయి అని రాసుకోవాలి. మళ్లీ ఏటా చూడాలి. ఎందుకంటే ఇది తుడిస్తే పోయే తుమ్ము కాదు. స్టైరీన్ మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2018లోనే నిర్ణయించింది. ప్రమాదానికి రెండేళ్ల ముందు! క్యాన్సర్ మూడు రోజుల్లో వస్తుందా? పదేళ్లకో, ఇరవయ్యేళ్లకో వస్తుంది. అప్పటికి ఈ రేట్లు ప్రకటించినవారెక్కడుంటారు? ఈ ఫైలెక్కడుంటుంది?

పైగా కరోనా కాలం. దగ్గినవాడల్లా కోవిడ్ అనుమానితుడే. ఏ దగ్గు గ్యాసుది, ఏ దగ్గు వైరస్‌ది? కంపెనీకి ఇంతకన్నా మంచి లాయరు ఎక్కడ దొరుకుతాడు, ఫీజు కూడా అడగడు!

లెక్క రాయకపోతే ఏమవుతుందో మనకు తెలియదా? భోపాల్ ఉంది కదా. 1984 డిసెంబరులో యూనియన్ కార్బైడ్ నుంచి మిథైల్ ఐసోసయనేట్ లీకైంది. బాధితుల ఆరోగ్యం మీద భారత వైద్య పరిశోధన మండలి మొదలెట్టిన అధ్యయనాలు 1994లో ఆగిపోయాయి. రోగాలు ఆగలేదు, అధ్యయనాలే ఆగాయి. అత్యధికులను తాత్కాలిక గాయమైనవారి జాబితాలో వేశారు. చాలామంది చేతికి మొదట వచ్చింది 25 వేలు. ఇక్కడ ప్రథమ చికిత్సకు ఇచ్చిందెంత? 25 వేలు! దశాబ్దాలు గడిచాయి, రూపాయి చిక్కి సగమైంది, మన ఊపిరితిత్తుల ధర మాత్రం పైసా పెరగలేదు. చివరికి 2023లో అదనపు పరిహారం కోసం కేంద్రం వేసిన క్యూరేటివ్ పిటిషన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది. బాధితుల కోసం బీమా ఎందుకు తీయలేదని తిరిగి కేంద్రాన్నే అడిగింది. జవాబేముంది? నీళ్లు నమలడమే.

అమెరికాను చూసి నేర్చుకోమనడం నాకు చిరాకు. వాళ్లూ మహానుభావులే. న్యూయార్క్ జంట టవర్లు కూలిన వారానికే అక్కడి గాలి పీల్చుకోవచ్చని పర్యావరణ సంస్థ అధిపతి భరోసా ఇచ్చారు. దుమ్ము పీల్చిన అగ్నిమాపక సిబ్బంది, కూలీలు రోగాలతో పార్లమెంటు మెట్లెక్కీ దిగీ చట్టం తెచ్చుకునేసరికి 2011 వచ్చింది. కానీ తెచ్చుకున్నాక? పేర్లు నమోదు చేస్తున్నారు, ఏటా పరీక్షలు చేస్తున్నారు, ఆ పథకాన్ని 2090 దాకా పొడిగించారు. ఆ రోజు పుట్టిన బిడ్డ ముసలివాడయ్యేదాకా అన్నమాట. మనకు 2090 వద్దు మహాప్రభో. వచ్చే నెల డాక్టరు వస్తాడా, అది చెప్పండి చాలు.

వాగ్దానాలకు లోటు లేదు. వెంకటాపురంలో క్లినిక్ అన్నారు, పరీక్షలన్నారు, హెల్త్ కార్డులన్నారు. డిశ్చార్జయి ఇంటికెళ్లాక పోయినవారి కుటుంబాలు మావాళ్లనూ లెక్కలో వేయండయ్యా అని ఆఫీసుల చుట్టూ తిరిగాయి. ఏటా మే 7న ఫొటోలకు దండలు వేస్తారు, ఆస్పత్రి ఏదీ అని అడుగుతారు, మైకు కట్టేస్తారు. నాలుగేళ్ల తర్వాత, 2024 జులైలో, ఎల్జీ పాలిమర్స్ మాతృసంస్థ ఎల్జీ కెమ్ పెద్దలు వచ్చి 120 కోట్ల సాయం ప్రకటించారు. వైద్య పరీక్షలూ చేయిస్తామన్నారు. సంతోషం. నేరం ఎవరిదని కేసు నడుస్తోందో, ఆ కంపెనీ పరీక్షలే ఎవరెవరికి జబ్బుందో తేలుస్తాయన్నమాట. మన ఆరోగ్య శాఖ ఏం చేస్తుంది? రిబ్బను కత్తిరించే రోజు కత్తెర పట్టుకుంటుంది.

ఎన్నికలొచ్చి సర్కారు మారింది, ఫ్యాను గుర్తు పోయింది, సైకిల్ గుర్తు వచ్చింది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఎసైన్షియా ఫార్మా పేలింది. 17 మంది పోయారు. మళ్లీ చావుకు కోటి. గాయాలకు 50 లక్షలు, 25 లక్షలు. రేట్లు పెరిగాయి, ఒప్పుకుంటాం. వరుసలు మాత్రం అవే. కాలిన చర్మానికి పదేళ్లపాటు చికిత్స ఎవరు చేయిస్తారు, మనసు చెదిరినవాడికి ఎవరు దిక్కు, మళ్లీ అదే సెజ్ గేటులోంచి డ్యూటీకి వెళ్లాల్సినవాడి ఊపిరితిత్తులను ఏటా ఎవరు చూస్తారు? ఈ వరుసలు రాయడానికి ఏ సర్కారు పెన్నుకూ సిరా చాలదు.

అంత కష్టమైన పనా ఇది? ఆ ఊళ్లన్నీ కలిపితే 15 వేల మంది. వెయ్యి ఓట్ల తేడా ఉన్న వార్డులో ఇంటికి ఎన్ని ఓట్లో, ఏ ఓటు ఎటు పడుతుందో పార్టీలకు కంఠతా వచ్చు. ఇంటి పన్ను బకాయి పడితే విశాఖ నగరపాలక సంస్థ గడప వెతుక్కుంటూ వస్తుంది. ఊపిరి పరీక్ష చేసే చిన్న యంత్రం, చెవుల పరీక్ష, రక్త పరీక్ష, ఒక నర్సు, ఒక రిజిస్టరు. కేజీహెచ్ ఆస్పత్రి ఉన్నది ఈ నగరంలోనే, ఆంధ్ర మెడికల్ కాలేజీ ఉన్నదీ ఇక్కడే. పరిశోధన అంశాల కోసం వెతుక్కునే పీజీ విద్యార్థులు అక్కడ ఏటా బ్యాచీలు బ్యాచీలుగా చేరుతూనే ఉన్నారు.

వెంకటాపురంలో ఓ పింఛనుదారు పోతే, వచ్చే నెల ఒకటో తారీఖుకల్లా జాబితాలోంచి పేరు ఎగిరిపోతుంది. పేరు కొట్టేసే వార్డు సచివాలయం ఉద్యోగి చేతికే ఇంకో కాగితమిచ్చి, ఎందుకు పోయాడో కూడా రాసుకురమ్మని చెప్పే కలెక్టరు ఎవరు?