ముప్పైకి ముప్పై

హైదరాబాద్‌లో కౌన్సెలింగ్ చేసే స్నేహితురాలు, తన దగ్గరికొచ్చిన ఒక అమ్మాయి గురించి పేరూ ఊరూ బయటపెట్టకుండా చెప్పిన సంగతి ఇది.

ఆ అమ్మాయికి 23 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆఫీసులో చిన్న మెయిల్ పంపాలన్నా పదిసార్లు చదువుకుంటుంది. పంపాక ఒక అక్షరం తప్పు కనబడితే ఆ రాత్రి నిద్రపోదు. ఎవరైనా మెచ్చుకుంటే నమ్మదు, మందలిస్తే వెంటనే నమ్మేస్తుంది. ఇంటర్ రెండేళ్లూ వారం వారం పరీక్షపెట్టి, ర్యాంకును బట్టి సెక్షన్ మార్చే హాస్టల్లో చదివింది. మార్కులు తగ్గితే సెక్షన్ మారేది. సెక్షన్ మారితే పక్కమంచం స్నేహితురాలు కూడా మారిపోయేది. 16 ఏళ్ల పిల్ల దాన్నుంచి తన విలువ గురించి ఏం నేర్చుకుంటుందో, ఆ పద్ధతి పెట్టినవాళ్లు ఒక్కసారైనా ఆలోచించి ఉండాల్సింది.

మొదటిరోజే ఆమె చేతికి రోజెన్‌బర్గ్ స్కేల్ ఇచ్చారు. అమెరికన్ సమాజశాస్త్రవేత్త మోరిస్ రోజెన్‌బర్గ్ 1965లో ప్రచురించిన పది వాక్యాలు అవి. మనిషికి తన మీద తనకెంత గౌరవం ఉందో 0 నుంచి 30 లోపు చూపిస్తాయి. ఆమెకు 8 వచ్చింది.

"ఫుల్ మార్కులు ఎంత మేడం?"

"ఇది పరీక్ష కాదమ్మా."

తర్వాత కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ మొదలైంది. తప్పు చేస్తే ఏమవుతుందని భయమో ముందు రాసుకోవాలి. కావాలనే ఒక చిన్న తప్పు చేయాలి. నిజంగా ఏమైందో పక్కనే రాయాలి. వినడానికి తేలిగ్గానే ఉంటుంది గానీ, అక్షరదోషం ఉన్న మెయిల్‌ను తెలిసి తెలిసి పంపేటప్పుడు ఆమె చేతులు వణికాయట. అవతలి నుంచి "ఓకే, థాంక్స్" అని జవాబొచ్చింది. ఆ తప్పు ఎవరి కంటా పడలేదు.

ఒక్క వారం కూడా హోంవర్క్ మానలేదు. నోటుబుక్కులో మార్జిన్ గీసి, భయం ఒకవైపు, జరిగింది ఒకవైపు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకొచ్చేది. నవ్వుతూ వచ్చేది, నవ్వుతూ వెళ్లేది. మా స్నేహితురాలికి ఎంత సంతోషమో!

మూడు నెలలయ్యాక అదే కాగితం మళ్లీ ఇచ్చారు. ముప్పైకి ముప్పై.

ఆత్మగౌరవం నిండుగా ఉన్నవాళ్లకు కూడా చాలాసార్లు ఎక్కడో ఒకచోట తగ్గుతుంది. "ఒక్కటీ పోలేదేంటమ్మా?" అని అడిగింది మా స్నేహితురాలు.

"ఐదు వాక్యాలు నెగెటివ్‌గా ఉంటాయి కదా మేడం, వాటికి మార్కులు తలకిందులుగా వేస్తారు. అక్కడ పొరపాటు రాకుండా రాత్రి ప్రాక్టీస్ చేశాను. కీ నెట్‌లో దొరికింది."

"మరి ఉన్నదున్నట్టు రాస్తే ఎంత వస్తుంది?"

ఆ అమ్మాయి తల దించుకుంది.

"ఏడు మేడం. మీరింత కష్టపడి చెప్పాక కూడా ఒకటి తగ్గిందంటే, మీరు నన్ను ఇంకొకరి దగ్గరికి మార్చేస్తారేమోనని..."