నిలబెట్టినప్పుడు నడిచిందట!

అమెరికాలో పాత మోటార్‌హోములు, అంటే చక్రాల మీది ఇళ్ళు, అమ్మేవాళ్ళకి సొంత నిఘంటువు ఒకటుంది. అందులో తుప్పు అనే మాట లేదు, 'చరిత్ర' ఉంది. కారడం లేదు, 'చిన్న సీలింగ్ పని' ఉంది. ఇంజను చచ్చిందని ఎవరూ రాయరు. 'నిలబెట్టినప్పుడు చక్కగా నడిచింది' అని రాస్తారు. ఎప్పుడు నిలబెట్టారు స్వామీ అంటే, మా నాన్నగారు బతికున్నప్పుడు అంటారు. ఆ లెక్కన శ్మశానంలో ఉన్నవాళ్ళంతా పడుకోబెట్టకముందు నడిచినవాళ్ళే.

ఏసీకి గ్యాస్ నింపితే చాలట. అంతే అయితే ఆ కాస్తా నింపి అమ్మొచ్చుగా? నింపరు. నింపింది ఎటు పోతుందో వాళ్ళకి తెలుసు. జనరేటరుకి కార్బురేటర్ కడిగితే చాలట. ఫ్రిజ్‌ని తీసి ఓ రెండ్రోజులు తలకిందులుగా నిలబెడితే చాలట. ఇది హాస్యం కాదు, ఆ లోకంలో నిజంగానే చెలామణీలో ఉన్న వైద్యం. ఈ 'చాలు'లన్నీ కూడితే ఇంకో బండి ఖరీదు తేలుతుంది. ప్రకటన చివర గర్వంగా ఓ వాక్యం: 'బేరాలు వద్దు, నా దగ్గరున్నదేమిటో నాకు తెలుసు.' తెలుసనే కదా మా అనుమానం కూడా!

బండ్ల మీద నాకు కోపం లేదు. జీఎంసీ మోటార్‌హోమునే తీసుకోండి. 1973 నుంచి 1978 దాకా మిషిగన్‌లోని పాంటియాక్‌లో 13 వేలకి కాస్త తక్కువ తయారయ్యాయి. మిగతావాళ్ళు లారీ చాసిస్ మీద ఓ పెట్టె కూర్చోబెట్టి ఇల్లంటున్న కాలంలో జనరల్ మోటార్స్ ఇంజనీర్లు ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడో కారు ఇంజనూ గేరుబాక్సూ తెచ్చి ముందు చక్రాలకే బిగించారు. 455 ఘనపుటంగుళాల వీ8, అంటే ఏడున్నర లీటర్లు. వెనక్కి పోయే షాఫ్టు లేదు, కాబట్టి బండి నేల బాగా కిందికి దిగింది. వెనక పక్కకి రెండేసి చొప్పున నాలుగు చక్రాలు, వాటికి గాలి తిత్తుల సస్పెన్షన్. ఒంటికి అల్యూమినియం ఎముకలు. గీసినవాడి చేతికి దణ్ణం పెట్టాలి. ముహూర్తం పెట్టినవాడికి మాత్రం కాదు. బండి బజారుకొచ్చిన 1973లోనే, అక్టోబరులో, అరబ్బు దేశాలు అమెరికాకి చమురు ఆపేశాయి. లీటరుకి మూడున్నర, మహా అయితే నాలుగు కిలోమీటర్లు నడిచే బండి అది. ట్యాంకులు నింపితే 190 లీటర్లు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. ఈ గుర్రానికి కదలకుండా పడున్నా దాణా తప్పదు: స్థలం అద్దె, బీమా, రిజిస్ట్రేషను.

ఇంత బుర్రపెట్టి కట్టిన బండి చివరికి ఎవరి చేతిలో పడింది? కర్టెన్లు కుట్టేవాళ్ళ చేతిలో.

పాత బండికి సోకులు చేసి అమ్మే ఈ కొత్త వ్యాపారానికి ఓ పద్ధతుంది. పొలం చివర గడ్డిలో ఇరుసుల దాకా కూరుకుపోయిన బండిని కారుచౌకగా పట్టుకొస్తారు. లోపలి చెక్క బీరువాలన్నిటికీ తెల్లరంగు కొడతారు. తెలుపే ఎందుకంటే ఫోటోలో వెలుతురు బాగా వస్తుంది. మెత్తబడ్డ ప్లైవుడ్ నేల మీద కాగితం పీకి అంటించే రకం పలకలు పరుస్తారు. గోడకి తాళ్ళతో అల్లిన వేలాడే అలంకారం, కిటికీకి చిన్న దీపాల దండ, పరుపు మీద ఊలు దుప్పటి, దాని మీద అద్దెకి తెచ్చినట్టుండే కుక్క. సూర్యాస్తమయం వేళ తలుపు బార్లా తెరిచి ఫోటో తీస్తారు. అందరూ తలుపు తెరిచే ఎందుకు తీస్తారో ఆలోచించండి. అది మూసుకోదు.

ఫోటోలు దండిగా పెడతారు. కాఫీ కప్పు ఫోటో కూడా ఉంటుంది. బండి అడుగుభాగంది ఉండదు, పైకప్పుది ఉండదు, చక్రం లోపలి వైపుది ఉండదు. మలమూత్రాల ట్యాంకు కవాటానిది సరేసరి. దీపాల దండ కింద వైన్ గ్లాసులు పట్టుకుని ఫోటో దిగిన జంట, పొద్దున్నే చేతికి రబ్బరు తొడుగులేసుకుని గొట్టం తగిలించి ఆ ట్యాంకు ఖాళీ చేస్తున్న దృశ్యం ఏ ప్రకటనలోనూ మీరు చూడలేదు. నేనూ చూడలేదు.

ఈ బండ్లకి కాగితం మీద యజమాని ఎవరైనా కావచ్చు, అనుభవించేది మాత్రం నీరు. పైకప్పు గాలికిటికీ చుట్టూ, ఏసీ కింద, కిటికీల అంచున ఉన్న సీళ్ళు ఎండకి బిగుసుకుపోయి చిట్లుతాయి. వాన అక్కడ ప్రవేశిస్తుంది. ఆ కాలపు బండ్లు చాలావాటిలో గోడ అంటే చెక్క చట్రానికి బయట పలచని రేకు, లోపల పలచని ప్లైవుడ్. మధ్యలోకి దిగిన నీరు ఎక్కడికీ పోదు, కాపురం పెడుతుంది. కుళ్ళిన చెక్క కోసి, కొత్తది వేసి, సీళ్ళన్నీ మార్చాలంటే వారాలు పడుతుంది. దాని మీద తెల్లరంగు కొట్టడానికి ఒక పూట చాలు. బజారు రెండింటికీ ఒకే ధర కడితే అన్యాయమని ఊరుకునేవాణ్ణి. రంగుకే ఎక్కువ కడుతోంది! పైన పటారం లోన లొటారం అన్న మన పెద్దలకి, పటారం చూపించి అడ్వాన్సు కూడా తీసుకోవచ్చని తోచలేదు పాపం.

టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉన్న మా బావమరిది ఈ ఫోటోలకి పడిపోయాడు. సాఫ్ట్‌వేరు ఉద్యోగం. చేతికి గ్రీజు అంటడమంటే చిన్నప్పుడు సైకిలు చైను పడినప్పుడే. జీఎంసీ బండి, తెల్లరంగు, దీపాల దండ సహా. చూడ్డానికెళ్ళి అక్కణ్ణుంచి వీడియో కాల్ చేశాడు.

"బావగారూ, టైర్లు కొత్తవేనండీ. గాళ్ళు లోతుగా ఉన్నాయి."

"టైరు పక్కగోడ మీద డీఓటీ అని ఉంటుంది చూడు. ఆ వరుస చివర అంకెలు చదువు."

"రెండు, మూడు, సున్నా, తొమ్మిది."

"2009లో 23వ వారంలో పుట్టింది. మీ పెద్దాడికన్నా పెద్దది."

"కానీ అస్సలు అరగలేదండీ!"

"కదిలితే కదా నాయనా అరిగేది. వెనక చక్రానిది చదువు."

"ఇక్కడ మూడే అంకెలున్నాయండి."

మూడంకెలంటే 2000కి ముందు తయారైన సరుకు. దాని దగ్గర్నుంచి నాలుగడుగులు వెనక్కి జరగమన్నాను. రబ్బరుకి అరుగుదలతో పాటు వయసు కూడా ఉంటుందని, లోపల పొరలు విడిపోయాక హైవే మీద వేడెక్కితే పేలుతుందని చెప్పాను. పైగా ఆ బండ్లకి మొదట వచ్చినవి పదహారున్నర అంగుళాల చక్రాలు. ఆ కొలత టైర్లు ఇప్పుడు దొరకడం గగనం కాబట్టి తెలిసినవాళ్ళు చక్రాలే మార్చేసి పదహారంగుళాలవి వేయించుకుంటారు. బాత్రూం పక్కన మడమతో గట్టిగా తొక్కి చూడమన్నాను. "కాస్త దిగుతోందండి, మెత్తగా బావుంది" అన్నాడు. వెనక్కి తిరిగి రమ్మన్నాను.

కొనేశాడు.

వాహన పూజకి ఆరు చక్రాల కింద ఆరు నిమ్మకాయలు పెట్టారు. అయిదు టన్నుల బండి కదిలితేగానీ నిమ్మకాయ నలగదు. స్టార్టరు మూలుగుతోంది తప్ప ఇంజను పలకడం లేదు. పురోహితుడు ఉన్న మంత్రాలన్నీ చదివేసి, ఇక లాభం లేదని టెంకాయ కొట్టేశారు. చివరికి టో ట్రక్కు లాగితే నలిగాయి. తెల్లారేసరికి వెనక గాలితిత్తి కారిపోయి బండి ఓ పక్కకి చతికిలబడింది. కాలనీ సంఘం నుంచి ఉత్తరం రానే వచ్చింది: ఇంటి ముందు ఆర్వీ, అంటే ఇలాంటి బండి, నిలపరాదు. ఊరి చివర నెలవారీ అద్దెకి స్థలం తీసుకుని పెట్టాడు. అక్కడ హీటరు పనిచేయడం లేదని విప్పితే లోపల ఎలుక గూడు. కొండని తవ్వి ఎలుకని పట్టడమంటే ఏమిటో డాలర్లలో తెలిసొచ్చింది వాడికి.

నవ్వులాట ఇక్కడితో ఆపుతాను, ఎందుకంటే తర్వాతిది నవ్వేది కాదు. అమెరికాలో ఇప్పుడు అమ్మే పెట్రోలులో చాలాభాగం పదిశాతం ఇథనాల్ కలిసిందే. 1970ల నాటి రబ్బరు ఇంధన గొట్టాలు దానికోసం తయారైనవి కావు. ఇథనాల్ వాటిని లోపల్నుంచి పాడుచేస్తుంది. వంపు తిరిగిన చోట పగులు వస్తుంది. పెట్రోలు చుక్క వేడి ఇంజను మీద పడుతుంది. జీఎంసీలో ఆ ఇంజను రెండు ముందు సీట్ల మధ్య, ఇంటి నేలలోనే ఓ మూత కింద ఉంటుంది. అదే ఇంట్లో పొయ్యికి ప్రొపేన్ గొట్టం ఉంది. పిల్లలు వెనక పడుకుంటారు. బయటికి పోయే వీధితలుపు ఒక్కటే. ఈ గొట్టాలన్నీ మార్చడానికయ్యే సరుకు ఖర్చు ఆ కర్టెన్ల ఖర్చు ముందు ఓ లెక్కలోది కాదు. మార్చరు. గొట్టం ఫోటోలో పడదు.

పోనీ ఈ ఫోటో జబ్బు అమ్మేవాళ్ళకే ఉందా? అమెరికాలో చాలా ప్రైవేటు ఆర్వీ పార్కుల్లో పదేళ్ళు దాటిన బండిని రానివ్వరు. బతిమాలితే కొందరు ఫోటో పంపమంటారు, చూసి ఒప్పుకుంటారు. బ్రేకులున్నాయా అని అడిగే పార్కు ఉందేమో నాకు తగల్లేదు. మన దేశం ఈ విషయంలో కాస్త నయం. 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికే వింటేజ్ హోదా, నంబరు ప్లేటు మీద 'వీఏ' అక్షరాలు. అంటే బాడీనో ఇంజనునో మార్చేసిన మరుక్షణం హోదా గోవింద. అది కూడా రెండు, నాలుగు చక్రాల బండ్లకే. మావాడి ఆరు చక్రాల రథానికి అక్కడా చోటు లేదు.

ఈ పాత బండ్ల రసికులు మాట్లాడితే రచయిత జాన్ స్టైన్‌బెక్ పేరెత్తుతారు. 1960లో కుక్కని వెంటేసుకుని, ఇల్లు కట్టిన ట్రక్కులో అమెరికా అంతా తిరిగి పుస్తకం రాశాడు కదా, మేమూ ఆయన బాటలోనే అంటారు. ఆ ట్రక్కుని ఆయన కొత్తది కొన్నాడు బాబూ. ఆర్డరిచ్చి మరీ తెప్పించుకున్నాడు. దాన్ని ఇప్పుడు కాలిఫోర్నియాలోని సలీనాస్‌లో ఆయన పేరున్న మ్యూజియంలో పెట్టారు, చూసి రావచ్చు. పాత వ్యానుని నిజంగా ఇల్లుగా చేసుకుని తిరిగినవాడు కావాలంటే మనకే ఉన్నాడు. 1982లో ఎన్.టి. రామారావు పాత షెవ్రోలే వ్యానుని చైతన్య రథంగా మార్పించి, కొడుకు హరికృష్ణ నడుపుతుంటే రాష్ట్రమంతా చుట్టి, 1983 జనవరిలో అధికారంలోకి వచ్చారు. ఆయన రాజకీయాల మీద ఎవరి అభిప్రాయం వారిది. ఆ బండి మాత్రం ఊరూరికీ చేరాలి, సభ టైముకి నిలబడాలి. నిలబెట్టినప్పుడు నడిచిందంటే కుదరదు.

అమెరికాలోనూ బండి నిజంగా నడవాలనేవాళ్ళు లేకపోలేదు. వెల్లకిలా బండి కింద దూరి, రోచెస్టర్ కార్బురేటర్ విప్పి చమురు పళ్ళెంలో వరసగా పేర్చుకుని, ఏ జెట్టు ఎక్కడిదో కళ్ళు మూసుకుని చెప్పే ముసలాళ్ళు. దాదాపు యాభై ఏళ్ళ క్రితం తయారీ ఆగిపోయిన బండికి ఈరోజుకీ విడిభాగాలు దొరుకుతున్నాయంటే వాళ్ళ చలవే. ఇక వాళ్ళ ప్రకటనలు చూడండి, ఎంత దరిద్రంగా ఉంటాయో! ఫోటోలు వంకర. ఓ ఫోటోలో వేలు అడ్డం. చెప్పుల పెట్టె నిండా రసీదులు. బ్రేకు గొట్టాలు ఎప్పుడు మార్చారో, బేరింగులకి గ్రీజు ఎప్పుడు పెట్టారో తేదీలతో సహా. కర్టెన్లు మాత్రం 1976వే, గోధుమరంగు మీద నారింజ పువ్వులు. కొనేవాళ్ళు వచ్చి, లోపలికి తొంగి చూసి, "అబ్బే, మరీ పాతగా ఉందండీ" అని పెదవి విరిచి పోతారు. పాత బండి కొందామని వచ్చి, పాతగా ఉందని వదిలేసిపోయే మహానుభావులు! ఆ ముసలాయన ఏడాది చివర ధర తగ్గిస్తాడు. తగ్గించాక ఎవరు కొంటారనుకున్నారు? చేతిలో తెల్లరంగు డబ్బాతో ఒకడు వస్తాడు.

కాబట్టి తెల్లరంగు దొరలారా, మీతో తగువెందుకు, బేరమే ఆడదాం. మీరడిగిన ధరకి మావాడిలాంటివాళ్ళు ఇంకా దొరుకుతారు, ఆ భయం మీకు లేదు. నాకు మాత్రం నాలుగు ఫోటోలు పంపండి. పైకప్పు మీదికి నిచ్చెన వేసి ఎక్కి తీసింది ఒకటి. బండి కింద పడుకుని తీసింది ఒకటి. ఆరు టైర్ల మీద అంకెలు కనిపించేలా ఒకటి, అన్నీ ఒక ఫోటోలో పట్టవంటే ఆరు పంపండి, ఏమనుకోను. ఇంజను మూత తీసి, ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా వచ్చే గొట్టం దగ్గర్నుంచి ఒకటి. ఆ కుక్కని మాత్రం ఫ్రేములోంచి తప్పించండి. ఈ వ్యాపారంలో తప్పు చేయనిది అదొక్కటే.