ఉప్పు ఇంట్లోంచి తీయకే!

దిష్టి తీయాలంటే మా పిన్నికి గుప్పెడు రాళ్ళుప్పు, నాలుగు ఎండుమిరపకాయలు ఉంటే చాలు. మొన్న రాజోలు దీవిలో మా ఊరెళ్ళినప్పుడు బాబాయి అరెకరం కొబ్బరితోట చూశాను. తలలు రాలిపోయి మొండేలు మిగిలాయి. చెట్లకి దిష్టి తగిలిందని పెద్దపెద్దవాళ్ళే అంటున్నారు కదా, ఓసారి తీసేస్తే పోదా అని పిన్నిని అడిగాను. ఆవిడ నిజంగానే లేచింది. వసారాలో తుండు పరుచుకుని పడుకున్న బాబాయి కళ్ళు తెరవకుండానే కేకేశాడు. “ఉప్పు ఇంట్లోంచి తీయకే! బోదెలో బోల్డంత ఉంది.”

దిష్టి కథ మరిచిపోయినవారికి ఒక్క మాట. 2025 నవంబరు నెలాఖరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ మలికిపురం మండలం కేశనపల్లి వచ్చారు. శంకరగుప్తం డ్రెయిన్ వెంబడి ఉప్పునీటికి చచ్చిన తోటలు చూశారు. అటవీ, పర్యావరణ శాఖలు ఆయన చేతిలోనే ఉన్నాయి కాబట్టి రావడం సబబే. తోటలోకి దిగి, రైతుల గోడు విన్నారు, అదీ ఒప్పుకోవాలి. ఆ నోటితోనే రాష్ట్ర విభజనకి గోదావరి జిల్లాల పచ్చదనం కూడా ఒక కారణమనీ, ఆ పచ్చదనానికి దిష్టి తగిలిందనీ అన్నారు. అంతే, తెలంగాణ మంత్రులు క్షమాపణ చెప్పమన్నారు, చెప్పకపోతే ఆయన సినిమాలు ఆడనివ్వబోమన్నారు. మాట వక్రీకరించారని ఇటువాళ్ళు వివరణ ఇచ్చారు. వారం రోజులు టీవీల్లో చర్చంతా కళ్ళ గురించే నడిచింది. చెట్ల కాళ్ళ దగ్గర నిలబడ్డ నీళ్ళ గురించి అడిగినవాడు లేడు.

నాకు మాత్రం దిష్టి సిద్ధాంతంలో గొప్ప పాలనా సౌలభ్యం కనిపించింది. జబ్బు పేరు డ్రెయిన్ పూడిక అయితే సర్వే కావాలి, ఎస్టిమేటు కావాలి, టెండరు కావాలి, పొక్లెయిను కావాలి, ఆ తర్వాత బిల్లు కావాలి. అదే జబ్బు పేరు దిష్టి అయితే ఒక బూడిద గుమ్మడికాయతో సరి. ఆర్థిక శాఖ ఏది చవకంటుందో ఊహించడం కష్టం కాదు.

సరే, దిష్టే అనుకుందాం. ఎవరి కళ్ళు? కోనసీమలో బయటినుంచి వచ్చి తిష్ఠ వేసినవాళ్ళ జాబితా ఒకటి నా దగ్గరుంది. పంటకాలువల మీదా మురుగుకోడుల మీదా పచ్చగా పరుచుకున్న గుర్రపుడెక్కది దక్షిణ అమెరికా. దాన్నే కోనసీమ అందం అనుకుని ఫొటోలు తీసుకునే టూరిస్టులున్నారు. చెరువుల్లోని వనామీ రొయ్యది పసిఫిక్ తీరం. 2009లో మన ప్రభుత్వమే అనుమతిచ్చి పిలిపించుకుంది. కొబ్బరాకు అడుగున తెల్లటి సుడులు సుడులుగా ముగ్గు పెట్టే తెల్లదోమ మధ్య అమెరికాది, 2016లో దేశంలో దిగింది. డివైడర్ల మీద పోలీసుల్లా బారులు తీరిన కోనోకార్పస్‌దీ ఈ గడ్డ కాదు. వీటిలో ఒక్కటైనా హైదరాబాద్ మీదుగా బస్సెక్కి వచ్చిన దాఖలా లేదు.

తెల్లదోమ వచ్చిన కొత్తలో ఎవరూ దిష్టి అనలేదు లెండి, మందు కొట్టమన్నారు. కొట్టారు. దోమను తినే మంచి పురుగులు ముందు చచ్చాయి, దోమ మిగిలింది. చివరికి అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో ఐసేరియా అనే బూజుని పెంచి రైతులకిచ్చారు. ఆ బూజుకి తెల్లదోమే తిండి. ప్రాణికి ప్రాణినే విరుగుడుగా పెట్టిన ఇంత తెలివైన పని జరిగితే ఏ ఫ్లెక్సీ మీదా ఆ బూజు బొమ్మ లేదు. పాపం, దానికి దండ వేయడం కుదరదు, పక్కన నిలబడి ఫొటో దిగినా కనపడదు.

ఇక ఉప్పు సంగతి. ఇక్కడే అసలు తమాషా ఉంది. కొబ్బరిచెట్టుకి ఉప్పంటే భయం లేదు. మా తాతలు మొక్క నాటేటప్పుడు గోతిలో ఉప్పు చల్లి మరీ నాటేవారు. సముద్రపు ఒడ్డున ఇసకలో పుట్టి, గాలికి ఉప్పు తాగి పెరిగే జాతి అది. అలాంటి చెట్టు ఉప్పుకి చచ్చిందంటే ఉప్పు రావడం వల్ల కాదు, వచ్చింది పోకపోవడం వల్ల. సముద్రానికి రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. మిగతా పాట్లన్నీ రైతువి. పోటుకి మొగ దగ్గర నీరు డ్రెయిన్‌లోకి ఎదురెక్కుతుంది, గట్టు బలహీనంగా ఉన్నచోట తోటలోకి దిగుతుంది. పాటుకి అదే దారిన వెనక్కి పోవాలి. కాని లోపల పూడిక, పూడిక మీద గుర్రపుడెక్క, పక్కన ఆక్రమణ. అల్లుడొచ్చినట్టు వస్తుంది, ఇల్లరికం ఉండిపోతుంది. వేళ్ళకి ఊపిరాడదు. ముందు పిందెలు రాలతాయి, తర్వాత మట్టలు వేలాడతాయి, ఆఖర్న మొవ్వు ఊడి కింద పడుతుంది. పడేటప్పుడు పెద్ద చప్పుడేమీ ఉండదు. రాత్రి పడితే పొద్దున్న చూసుకోవడమే.

బాబాయి రోజూ పొద్దున్నే బోదెలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంటాడు. ఒక్క క్షణం ఆగి ఉమ్మేస్తాడు. ఆయన ప్రయోగశాల అంతే. “నిన్నటికంటే ఎక్కువుందిరా అబ్బాయ్” అంటాడు, కూరలో ఉప్పెక్కువైనంత మామూలుగా. పిన్ని కూరలో మాత్రం ఈ మధ్య ఉప్పు తగ్గింది. డాక్టరు తగ్గించమన్నాడట. తోటకి ఆ మాట చెప్పే డాక్టరే లేడు.

నీళ్ళు తెచ్చిన కాటన్ దొరకి మా దగ్గర ఊరూరా విగ్రహం ఉంది, దండ ఉంది. ఉండాలి కూడా. 1852లో ఆనకట్ట పూర్తి కాకపోతే ఇక్కడ నేనూ లేను, నా వ్యంగ్యమూ లేదు. వచ్చిన నీళ్ళని బయటికి పంపే పనికి మాత్రం విగ్రహం లేదు. డెల్టాకి మురుగు పోయే దారి కావాలని 1960లలో మిత్రా కమిటీ చెప్పింది. 1968లో ఏకంగా డ్రైనేజీ సెస్సు అని చట్టం చేశారు. సెస్సు కట్టిన తాతలు పోయారు, పూడిక మిగిలింది. 2011లో మావాళ్ళు వరి వేయం పొమ్మని క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు వాళ్ళ గోడులో మురుగు దిగని చేల సంగతీ ఉంది. మోహన్ కందా కమిటీ వచ్చింది, విన్నది, రాసింది. 2022లో మళ్ళీ సెలవే. లోకంలో సెలవు పెట్టుకుని ఏడ్చే ఉద్యోగి కోనసీమ రైతొక్కడే.

మధ్యలో రొయ్యల చెరువులు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరంలో రొయ్యల సాగు మీద గట్టిగా తీర్పిచ్చింది, 2005లో పార్లమెంటు దానికి తగ్గ సడలింపుతో చట్టం చేసింది. మా ఊళ్ళో రొయ్యల చెరువు సంగతి ఇంకా సులువుగా అర్థమవుతుంది. పక్కచేను చెరువైతే మూడో ఏటికి మన చేనూ చెరువే. ఊటకి కాగితం అక్కర్లేదు.

ఇంత జరిగాక ప్రకృతిని పునరుద్ధరించాలి కదా. ఐక్యరాజ్యసమితి 2021 నుంచి 2030 దాకా పదేళ్ళు అందుకే కేటాయించింది. మా వైపు పునరుద్ధరణ అంటే మొక్క. కాలువ చచ్చినా మొక్క, మడ చచ్చినా మొక్క, ఇసక దిబ్బ తవ్వేసినా మొక్క. 1950లో మున్షీ గారు వనమహోత్సవం మొదలెట్టినప్పుడు ఉద్దేశం మంచిదే. ఆయన ‘వనం’ ముందు పెట్టారు. మనం ‘మహోత్సవం’ ఉంచుకున్నాం.

మా ఊరి డ్రెయిన్ గట్టు మీద కూడా ఒక ఉత్సవం జరిగింది. ఏ శాఖ చేసిందో చెప్పను, అందరూ చేసేదే. షామియానా, కుర్చీలు, ఇనప గార్డు మీద దాత పేరు. మొక్క కానుగ. నాటినవారు చేతులు కడుక్కోవడానికి ఎవరో బిందెతో మంచినీళ్ళు తెచ్చారు. కడిగిన నీళ్ళే మొక్కకి అందిన మొదటి మంచినీళ్ళు, ఆఖరివి కూడా. మొన్న వెళ్ళి చూస్తే మొక్క లేదు, గార్డు ఉంది. ఉప్పుగాలికి ఇనుము పొరలు పొరలుగా లేచి, ముట్టుకుంటే చేతికి ఎర్రగా అంటుకుంది. దాత పేరులో రెండక్షరాలు కూడా పోయాయి. అంటే ఇనుము కూడా తట్టుకోలేనిచోట నీళ్ళు పోసే దిక్కులేని మొక్క బతకాలని మనం ఆశపడ్డాం. ఆశకి పన్ను లేదు కనుక సరిపోయింది.

కాట్రేనికోన దాటి బలుసుతిప్ప, మగసానితిప్ప వైపు పడవలో వెళితే ఈ ఉత్సవాలకి జవాబు బురదలో రాసి ఉంటుంది. నల్లమడ, తెల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న. ఉప్పునీళ్ళే తాగి బతికే చెట్లు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను తెలిసినవాళ్ళెవరూ గాలికి అడ్డం నిలిచే ఈ అడవిని పొదలనరు. ఇందులో బావురుపిల్లి నీళ్ళలోకి దూకి చేపని పడుతుంది, వేళ్ళ సందుల్లో మండపీతలు, రొయ్యపిల్లలు పెరుగుతాయి. ఇంతటి మడ కూడా చస్తుంది, అదీ ఉప్పుకే చస్తుంది. చెట్లు నరికేసినచోట నేల ఎండి కుంగి పళ్ళెంలా అవుతుంది. పోటు నీరు వచ్చి ఆ పళ్ళెంలో నిలబడి, ఎండకి ఆవిరై, ఉప్పు పేరుకుంటుంది. అక్కడ ఎన్ని మొక్కలు నాటినా చస్తాయి. బాబాయి తోట జబ్బే, పేరే వేరు.

1990లలో స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళు, అటవీ శాఖ, ఊరి జనం కలిసి గోదావరి, కృష్ణా మడల్లో ఏం చేశారంటే, ముందు మొక్క ముట్టుకోలేదు. పార పట్టుకున్నారు. చేప వెన్నుముల్లులా నడుమ ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు తవ్వారు. పోటుకి నీరు లోపలికి, పాటుకి బయటికి. అలా నీటి రాకపోకలతో నేలలో పేరుకున్న ఉప్పు కడుక్కుపోయాక కాలువ వాలుల్లో మడ మొక్కలు పెట్టారు. బతికాయి. మోకాలి లోతు బురదలో పార వేసేవాడి ఫొటో ఎవరికీ బాగుండదు. తెల్లచొక్కా నిలవదు.

ఇది శాస్త్రమని ఎవరికీ తెలియదా అంటే తెలుసు. గట్టు మీద మొక్క నాటించే అధికారే మీటింగులో ఇదంతా నాకంటే బాగా చెబుతాడు. కాని లక్ష్యం వచ్చేది మొక్కల లెక్కలో. ఇన్ని లక్షలు నాటాలి అని వస్తుంది గాని, ఇన్ని రోజులు పాటుకి నీరు దిగాలి అని రాదు. దిగిన నీటికి జియోట్యాగు ఎలా వేస్తారు?

జీవవైవిధ్యానికి పుస్తకం కూడా ఉంది. 2002 చట్టం ప్రకారం ప్రతి పంచాయతీ తన పరిధిలోని చెట్టూ చేమా, పురుగూ పిట్టా రాసుకుని జీవవైవిధ్య రిజిస్టరు పెట్టాలి. ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోలేదు. 2020 జనవరి 31 లోపు పూర్తి చేయకపోతే రాష్ట్రం నెలకి పది లక్షలు కట్టాలని గ్రీన్ ట్రిబ్యునల్ అనగానే దేశమంతా ప్రకృతి మీద ప్రేమ పొంగింది. నేను చూసిన ఒక రిజిస్టరులో వేప, తులసి, ఆవు, గేదె, కాకి ఉన్నాయి. పులస లేదు, మండపీత లేదు, బావురుపిల్లి లేదు. పెన్ను పట్టుకున్నవాడు ఆఫీసు కిటికీలోంచి కనపడినవి రాశాడు. తప్పులేదు, కిటికీ అంతే ఉంది.

నన్నడిగితే ఆ రిజిస్టరులో కొత్త పేజీ వేయొచ్చు. బాబాయి తోటలో మొండేలకి వడ్రంగిపిట్టలు తొర్రలు పెట్టాయి, ఆ తొర్రల్లో రామచిలుకలు కాపురం దిగాయి, కొసన నీటికాకి రెక్కలారబెట్టుకుంటోంది. చెట్లు బతికుండగా అన్ని పిట్టలు రాలేదు. పునరుద్ధరణ విజయవంతమైందని నివేదిక రాయడానికి ఇంతకంటే ఏం కావాలి?

నేను బయల్దేరే రోజు పొద్దున ఊళ్ళోకి లారీ వచ్చింది. నిండా కొబ్బరి మొక్కలు. పచ్చగా, ముద్దుగా, ఒక్కోదానికి రెండు మూడు ఆకులు. డ్రెయిన్ గట్టు మీద ఆపి, డ్రైవరు దిగి తోట వైపు చూశాడు. పోటు సమయం. మొండేల మధ్య నీళ్ళు మెరుస్తూ మెల్లగా లోపలికి పాకుతున్నాయి.

“ఎక్కడ దింపమంటారండీ?” అన్నాడు.

బాబాయి బోదెలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని, ఉమ్మేశాడు.

“ఆయ్, కాసేపు కూచోండి బాబూ. టీ తాగుదురు గాని. పాటు రావాలి.”