కప్పను కోయొద్దన్నారు, చూడొద్దన్నారా?

మా రోజుల్లో జువాలజీ వాళ్లను దగ్గరికి రాగానే పట్టేసేవారు. చేతులకు ఫార్మలిన్ వాసన! ఎంత సబ్బు రుద్దినా మెస్సులో ముద్ద నోటి దాకా వచ్చేసరికి ఆ వాసనే ముందు తగిలేది. ఇప్పటి పిల్లల చేతులకు ఏ వాసనా లేదు. నా బెంగంతా అదే.

నేను చదివింది వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో. ప్రాక్టికల్స్‌లో సొరపిల్ల వచ్చిందంటే మధ్యాహ్నమంతా దాంతోనే. సొరకు ఎముకలుండవు, ఉన్నదంతా మృదులాస్థే. ఆ పుర్రెను స్కాల్పెల్‌తో ముల్లంగి చెక్కు తీసినట్టు పల్చగా, పొరపొరగా తీసుకుంటూ పోవాలి. చెయ్యి రవ్వంత లోతుకు దిగిందా, నాడి తెగినట్టే. ఇంకో సొర ఇమ్మంటే ఇచ్చేవాళ్లు లేరు. తొమ్మిదో కపాల నాడి మొదటి మొప్ప చీలిక దగ్గరికి, పదో నాడి మిగతా నాలుగింటికీ కొమ్మలు వేస్తూ పోవడం కనిపించేసరికి మెడ పట్టేసేది. వాటి కింద నల్లకాగితం ముక్కలు దూర్చి, తెల్లగా తేలేలా చేసి, అప్పుడు మాస్టారిని పిలవాలి.

ఆ తర్వాత రికార్డు. హెచ్‌బీ పెన్సిలే వాడాలి. షేడింగ్ కూడదు. లేబుల్ గీతలు ఒకదాన్నొకటి దాటకూడదు. పుస్తకం చూసి దించితే పేజీ అడ్డంగా కొట్టేసేవారు. పార్కర్, హాస్వెల్ పుస్తకంలో ఉన్న సొర కాదు, నీ ట్రేలో ఉన్న సొర గియ్యమనేవారు. జంతువు వంక అరగంట చూస్తే తప్ప బొమ్మ రాదు. ఆ అరగంటే అసలు చదువు.

సముద్రం మాకు రెండో ల్యాబు. అమావాస్యకు, పున్నమికి ఆటు బాగా దిగుతుంది గనక ఫీల్డుకు పోయే రోజు పంచాంగం చూసి పెట్టేవారు. లాసన్స్ బే రాళ్ల దగ్గర పైరాళ్లకు చిన్న చిన్న నత్తలు, కాస్త కిందికి బార్నకిల్స్, తడి ఆరని గుంటల్లో సీ అనిమోన్లు. ఎండకు ఓర్చుకునేవి పైన, ఓర్చుకోలేనివి కింద. ఎకాలజీ పాఠం ఎవరూ చెప్పక ముందే మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి నేర్చుకున్నాం. రాళ్లకు అతుక్కుని ఉండే కైటాన్ అనే జీవిని వేలితో కదిపితే రాయిని ఇంకా గట్టిగా కరుచుకునేది. దానికి తెలిసేలోపు కత్తి మొన దూర్చి ఒక్క విసురున లేపాలి. లేపితే వీపు మీది ఎనిమిది పలకలూ బయటికి పెట్టి ఉండలా చుట్టుకునేది. ఆ వాల్తేరు ఇసుకలోనే, రేణువుల సందుల్లో బతికే జీవుల మీద పి.ఎన్. గణపతి, జి. చంద్రశేఖరరావు గార్లు 1962లో పరిశోధన పత్రం వెలువరించారు. మేం రోజూ తొక్కుకుంటూ తిరిగే ఇసుక అది!

ఈమధ్య ఒక కాలేజీ వాళ్లు పిలిస్తే వెళ్లాను. మ్యూజియం గదికి తాళం. తీయించి చూస్తే సగం జాడీల్లో ఫార్మలిన్ ఇంకిపోయింది, చీటీలు ఊడిపోయాయి. పరీక్షలో గుర్తుపట్టడానికి పెట్టే స్పాటర్లన్నీ తెర మీద ఫొటోలే. ఫైనలియర్ అమ్మాయిని కైటాన్‌కు ఎన్ని పలకలమ్మా అనడిగితే ఠక్కున ఎనిమిదండీ అంది. జాడీలో ఉన్న కైటాన్‌ను చేతికిస్తే, ఇదేం పురుగండీ అంది. ఆ పిల్లననడానికి లేదు. చురుకైన పిల్ల. మూడేళ్లలో ఒక్కరైనా చూపించారా ఆమెకు?

డిసెక్షన్లు ఆపేశారు కదా, మేమేం చేస్తాం అంటారు. నిజమే. 2011లో తగ్గించమని, 2014లో పూర్తిగా మానమని యూజీసీ చెప్పింది. మంచిదే. ఏటా ఊరూరా చెరువుల్లోంచి, పొలాల్లోంచి అన్నేసి కప్పల్ని పట్టి చంపడం ఆగాల్సిందే. కానీ కోయొద్దన్నారు గానీ చూడొద్దని ఎవరన్నారు? ఒడ్డుకు పోవద్దని, కళ్లెదుట పాకే పీతను చూసి బొమ్మ గియ్యొద్దని ఏ ఉత్తర్వులో ఉంది? కత్తితోపాటు కన్నూ పక్కన పెట్టేశాం.

ఇంకొందరు, ఇప్పుడంతా డీఎన్‌ఏ మాస్టారూ, బార్‌కోడ్ చూస్తే పేరు అదే వస్తుందంటారు. ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ జీవిని ఎవరో ఒకరు కళ్లతో చూసి, కాళ్లు, పొలుసులు లెక్కపెట్టి, ఇది ఫలానా అని ముందుగా తేల్చి ఉంటేనే ఆ బార్‌కోడ్‌కు పేరుంటుంది. అలా తేల్చగలిగినవాళ్లు ఒక్కొక్కరే రిటైరైపోతున్నారు. వాళ్ల కుర్చీల్లోకి వచ్చేవాళ్లేరీ?

ఆంధ్రలో 2023-24 నుంచి డిగ్రీలో సింగిల్ మేజర్ పెట్టారు. అంటే జువాలజీకి టైము ఎక్కువే దొరకాలి. ఆ టైములో నెలకొక్క పూట పిల్లల్ని బయటికి తీసుకెళ్లండి. సముద్రం లేని ఊళ్లో చెరువుంది, కాలవుంది, వరిచేనుంది. ఒక బస్సు, ఒక భూతద్దం, ఒక పెన్సిలు చాలు. అక్కడ గీసిన బొమ్మలకు ప్రాక్టికల్స్‌లో మార్కులు పెట్టండి. మార్కులు లేనిదే పిల్లలు రారు, వాళ్లు వచ్చే దాకా మాస్టార్లూ కదలరు. ఎవరూ దొరక్కపోతే నాకు కబురు పెట్టండి. ఈ వయసులోనూ రాళ్ల మీద నడవగలను.